మేనమామ నోటి నీళ్ళు

మొదటి రాయి రేకుల మీద పడి, దొర్లుకుంటూ పెరట్లోకి జారింది. రెండోది కిటికీ చెక్కకు తగిలింది.

"తలుపు తియ్యకు," అంది తల్లి జెబ్బే. "తీశావంటే ఆ గడప మీదే తల బాదుకుని చస్తాను."

"తియ్యట్లేదమ్మా. గడియ చూస్తున్నా," అంది బైందు.

"గడియ బాగానే ఉంది. ఈ ఇంట్లో బుద్ధులే బాలేవు."

బైందు చొక్కా ముందు భాగమంతా నెత్తురు ఎండి అట్టకట్టుకుపోయింది. ఆ నెత్తురు ఆమెది కాదు, కెమోది. కెమో బైకు టాక్సీ నడిపే కుర్రాడు. ఆ ఉదయం బైందు తమ్ముడు అన్సుమానాను బండి వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువస్తుంటే, వంతెన మీద అన్సుమానా బండి దూకి, రాయి అందుకుని, అతని నెత్తి పగలగొట్టాడు.

కెమో తలకు హెల్మెట్ లేదు. ఉన్న ఒక్కటీ అన్సుమానాకు పెట్టాడు. జబ్బుపడ్డ మనిషిని బండెక్కించుకుంటే హెల్మెట్ ముందు అతనికే పెట్టాలన్నది నియమం. ఆ నియమం రాసింది బైందే.

జిల్లా అంతటికీ కుర్రవాళ్ళ మనసు జబ్బుల కార్యక్రమాన్ని నడిపే అధికారి ఆమె. ఎవరి పిల్లాడు మతి చెదిరి రోడ్డున పడ్డా ఆమె గుమ్మం దగ్గరికే పరుగెడతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బైందు రచ్చ ముందే గెలిచేసింది. ఇంటి సంగతి ఇప్పుడు బండరాళ్ళతో తేలుతోంది.

"పోలీసులకి మళ్ళీ ఫోన్ చెయ్యి షేకూ."

"చేశానక్కా. కెనెమా టౌను నుంచి బయల్దేరారు. వానదారి కదా, బురదలో బండి కదలాలి," అన్నాడు షేకు. ఆమె కార్యక్రమంలో నర్సు అతను. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పొద్దున సూది వెయ్యబోతే అన్సుమానా ఇచ్చిన బహుమానం అది.

మూల పీట మీద కూర్చుని వందీ కోలా గింజ నములుతున్నాడు. జెబ్బే తోడబుట్టిన అన్న, అడవిలో దుంగలు కోసే మనిషి. వంతెన కింద దాక్కున్న మేనల్లుణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, వెనక గదిలో దుంగకు గొలుసేసి కట్టింది ఆయనే. తాళంచెవి ఆయన మెడలో తాడుకు వేలాడుతోంది.

బైందు ఆయన ముందు నిలబడి చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇవ్వు మావయ్యా."

"ఎందుకు?"

"పెరటి దారిన వాణ్ణి ఆసుపత్రికి చేరుస్తా. ఇక్కడుంటే చంపేస్తారు."

"పెరట్లో ఎవరూ లేరనుకున్నావా? అరటిచెట్ల వెనకాల బైకు కుర్రాళ్ళ పసుపు జాకెట్లు నాకే కనిపిస్తున్నాయి, నాకు చూపు ఆననే ఆనదు."

"అయినా గొలుసు తియ్యాలి. ఇల్లు అంటుకుంటే వాడెలా పరుగెడతాడు?"

వందీ కోలా పిప్పి ఊశాడు. "ఏ నోటితో అడుగుతున్నావే అమ్మాయ్? రేడియోలో అన్న నోటితోనేనా? గొలుసేసే చెయ్యి నేరస్థుడి చెయ్యి అన్నావు. శాపం పెట్టే నోరు ఉత్త నోరు, ఖాళీ నోరు అన్నావు. ఆ మర్నాటి నుంచి టీకొట్టు దగ్గర నన్ను చూస్తే చాలు, నవ్వులు. 'వందీ, నీ నోరు ఖాళీయట కదా, ముద్ద అన్నం పెట్టమంటావా?' అని."

"నీ పేరు చెప్పలేదు."

"చెప్పాలా? చెల్లెలి కొడుకుని శపించిన మేనమామ ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడు?"

"నువ్వు శపించినందుకు కాదు వాడికి జబ్బు చేసింది! కుష్ మత్తుపొగ తాగాడు. రాత్రింబవళ్ళు తాగాడు. నీ రంపపు మిషను అమ్మి తాగాడు."

"ఊఁ. అమ్మాడు. అడిగితే ఏం చేశాడు? అది కూడా చెప్పు."

బైందు చాపిన చెయ్యి దించుకుంది.

"చెప్పవే. మేనమామ చెంప మీద కొట్టాడు. సంత మధ్యలో. నన్ను కొట్టిన చేతికి పైనున్న తలకి నెమ్మది లేకుండా పోవాలి అన్నాను. పోయింది. మూడు నెలలు తిరక్కుండా వాడి తలలో నా గొంతు మొదలైంది. పరాయివాడి గొంతు రాలేదేం? నా గొంతే ఎందుకొచ్చింది? నీ పుస్తకాల్లో ఉందా దానికి జవాబు?"

"ఉంది. తప్పు చేశానని భయపడ్డవాడికి, ఎవరికి భయపడ్డాడో వాళ్ళ గొంతే వినపడుతుంది. శాపమూ లేదు, గీపమూ లేదు. పల్లెటూరి మూర్ఖత్వం పట్టుకుని నువ్వే వాణ్ణి..."

మాట పూర్తి కాలేదు. జెబ్బే చెయ్యి ఆమె చెంప మీద పేలింది. ఆ దెబ్బకు బైందు గోడకు తగిలి, కుండ దొర్లి పగిలింది. ఉడికించి పెట్టిన దుంపాకు కూర నేల మీద పారింది.

"నా అన్నని మూర్ఖుడంటావా? నా ఎదురుగా?" అంది జెబ్బే. "పొద్దున నీ కాళ్ళు పట్టుకున్నానా లేదా? శాపం పోయేలా మామ నోటి నీళ్ళు చిలకరించి పంపుదామే, ఆ తర్వాత నీ సూదులు నీ ఇష్టం అన్నానా లేదా? వాడూ అదే కదే అడిగాడు! 'సూదే ముందు' అన్నావు. కాళ్ళూ చేతులూ పట్టుకుని బండెక్కించావు. ఇప్పుడు ఆ తల్లి కొడుకు నెత్తి పగిలి పడున్నాడు. ఎవరిది మూర్ఖత్వం?"

"మామ కూడా రానన్నాడు కదమ్మా!"

"రాననలేదు," అన్నాడు వందీ. "ఒక్క మాట అడిగాను. నా నోరు ఖాళీ కాదని అదే రేడియోలో చెప్పమన్నాను. చెప్పి తీసుకెళ్ళమన్నాను."

"నేను ఆ మాట చెబితే నా కార్యక్రమం ఏం కాను? ఒక్కరోజులో ప్రతివాడూ పిల్లల్ని శాపాలు తీయించడానికి లాక్కుపోతాడు. సూది కోసం ఎవడొస్తాడు?"

"ఇప్పుడు ఎవడొస్తున్నాడో చూడు," అని తలుపు వైపు చూపించాడు వందీ.

షేకు మంచి కన్నుతో ముగ్గుర్నీ చూశాడు. "కొట్టడానికి బయట బోలెడు మంది ఉన్నారు పెద్దమ్మా. లోపల కూడా మొదలెడితే వాళ్ళు నొచ్చుకుంటారు."



వెనక గదిలో గొలుసు గలగలలాడింది.

*

అన్సుమానా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చీలమండకు గొలుసు, దాని రెండో కొస దుంగకు. హెల్మెట్ ఇంకా తలకే ఉంది. ఎవరూ తియ్యలేదు, వాడూ తియ్యలేదు.

"అక్కా, కెమో బాగున్నాడా?"

"ఆసుపత్రిలో ఉన్నాడు."

"పోతాడా?"

"పోడు," అంది బైందు. ఆ మాట తనకే నమ్మకంగా వినపడలేదు. "ఎందుకు కొట్టావురా? నీ ఈడువాడు. నీకు హెల్మెట్ పెట్టాడు."

"మామ అన్నాడు. వంతెన మధ్యకి రాగానే అన్నాడు, నా నీళ్ళు లేకుండా ఎక్కడికిరా, దిగు, వాణ్ణి దించు అని."

గుమ్మంలో నిలబడ్డ వందీ ఉలిక్కిపడ్డాడు. "నేను అనలేదురా. నేను ఆ వేళకి అడవిలో ఉన్నాను."

"అన్నావు మామా. నీ గొంతు నాకు తెలీదా?"

వందీ మొహంలో రంగు మారింది. ఇన్నాళ్ళూ ఆ గొంతు గురించి ఆయన కాస్త గర్వంగానే చెప్పుకున్నాడు. అది మనుషుల నెత్తి పగలగొట్టమంటుందని ఎన్నడూ అనుకోలేదు.

షేకు నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని సూది తీశాడు. "అన్సూ, తమ్ముడూ, ఈ ఒక్కటీ వేయించుకో. తలలో గోల తగ్గుతుంది. నీ చెయ్యి ఇలా ఇవ్వు."

"మామ నీళ్ళు కొడితే ఇస్తా. పొద్దున్నా అదే చెప్పా కదా."

"అలాగే కొడతాడు. ముందు ఇది."

అప్పుడే కిటికీ బద్దలైంది. రాయి గది మధ్యలో పడింది. గాజు పెంకులు అన్సుమానా మోకాళ్ళ మీద చిందాయి.

వాడు అరవలేదు. గొలుసు రెండు చేతుల్తో ఎత్తి షేకు మెడ చుట్టూ తిప్పి బిగించాడు. సూది ఎగిరి మూలకు పడింది. షేకు కాళ్ళు నేలను తన్నుతున్నాయి. మంచి కన్ను కూడా బయటికి ఉబికింది.

"వదలరా! అన్సూ, వదలరా!" బైందు వాడి వేళ్ళు విప్పబోయింది. ఇనుముకు మాంసం అతుక్కున్నట్టున్నాయి ఆ వేళ్ళు. చుట్టూ చూసింది. గోడకు చేర్చి రోకలి ఉంది. అందుకుని తమ్ముడి మోచేతి మీద కొట్టింది. వదల్లేదు. మళ్ళీ కొట్టింది. ఎముక మీద కర్ర పడిన చప్పుడు జెబ్బేకు వంటింట్లో కూడా వినపడింది.

"ఒరేయ్!" అన్నాడు వందీ.

ఒక్క మాటే. అన్సుమానా చేతులు జారిపోయాయి. షేకు నేల మీద పడి ఊపిరి కోసం కొట్టుకున్నాడు. మెడ చుట్టూ గొలుసు కడియాలు ఒక్కొక్కటీ ముద్రపడ్డాయి.

బైందు చేతిలో రోకలి ఇంకా పైకెత్తి ఉంది. గొలుసులు తెంచుదాం, చెయ్యెత్తకుండా మాట్లాడదాం అని జిల్లా అంతా తిరిగి నేర్పించిన మనిషి. తన చెయ్యి చూసుకుని తనకే అసహ్యం వేసింది.

"చూశావా," అన్నాడు వందీ, గొంతు తగ్గించి. "నా నోరు ఖాళీయేనా?"

ఈసారి ఆ మాటలో పొగరు లేదు. భయం ఉంది.

*

"బైందక్కా!"

బయటినుంచి పిలిచింది మోరీ. బైకు కుర్రాళ్ళ సంఘానికి పెద్ద. బైందు కార్యక్రమంలో మొదట చేరిన బైకువాడూ అతనే. జబ్బుపడ్డ కుర్రాళ్ళని కొట్టకుండా, తిట్టకుండా ఆసుపత్రికి చేర్చే పని బైకువాళ్ళకు అప్పగించింది ఆమే. అన్నిటికంటే ముఖ్యం, కెమో అతని అక్క కొడుకు.

"బైందక్కా, నీ మీద మాకు కోపం లేదు. నువ్వూ, మీ అమ్మా, షేకు బయటికొచ్చెయ్యండి. వాణ్ణి మాత్రం మాకు వదిలెయ్యండి."

బైందు తలుపు వారగా తీసి గడప మీద నిలబడింది. జెబ్బే వెనక నుంచి ఆమె నడుం పట్టుకుని లాగుతూనే ఉంది.

ముంగిటంతా పసుపు జాకెట్లు. అన్నీ ఆమె పంచినవే. చేతుల్లో సైకిల్ చెయిన్లు, కర్రలు, ఇటుక ముక్కలు. ఒకడు పాత టైరు దొర్లించుకొచ్చాడు. ఇంకొకడి చేతిలో పెట్రోలు సీసా ఉంది. ఆ టైరు ఎవరి మెడకో ఎవరూ చెప్పక్కర్లేదు.

"మోరీ, కెమోని నేనే మోసుకెళ్ళి ఆసుపత్రిలో పడుకోబెట్టాను. ఈ నెత్తురు చూడు. డాక్టర్లు చూస్తున్నారు."

"తెలుసక్కా. అందుకే నిన్ను వదిలేస్తున్నాం."

"పోలీసులు వస్తున్నారు. వాడు చేసింది తప్పే. కానీ వాడు తెలిసి చెయ్యలేదు మోరీ. నీకు తెలుసు కదా. వాడు..."



"వాడు? చెప్పక్కా. వాడు ఏంటి?"

గుంపులో అందరికీ ఆ మాట తెలుసు. ప్రతి శనివారం రేడియోలో ఆ మాట వాడొద్దని ఆమె చెవినిల్లు కట్టుకుని పోరింది. నోరు జారి వాడిన పనివాళ్ళని అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. 'పిచ్చోడంటూ ఎవడూ లేడు. జబ్బు చేసిన మనిషున్నాడు.' ఊళ్ళో పిల్లలు దాన్ని పాటగా కూడా పాడుకున్నారు.

మోరీ వెనక్కి తిరిగి వీపు చూపించాడు. జాకెట్టు మీద పెద్ద అక్షరాలు.

"చదవక్కా. మాకు చదువు రాదు, నువ్వే చదివి వినిపించావు. 'మనిషే, మనలాంటి మనిషే.' పూర్వం పిచ్చోడు రాయి విసిరితే తలొంచుకుని పోయేవాళ్ళం. పిచ్చోడి మీద చెయ్యి చేసుకుంటే పాపం అని మా నాన్నలు చెప్పారు. నువ్వొచ్చి, పిచ్చోడు లేడు, మనలాంటి మనిషే అన్నావు. సరే అన్నాం. మనలాంటి మనిషి మన పిల్లాడి తల పగలగొడితే మనం ఏం చేస్తాం? అదే చేస్తాం."

"నేను చెప్పింది అందుకు కాదు మోరీ!"

"మరి ఎందుకు? కావలసినప్పుడు మనిషి, తంతారంటే పిచ్చోడూనా?"

పెట్రోలు సీసా వాడు ముందుకొచ్చాడు. మూత విప్పి గుమ్మం కర్ర మీద గుమ్మరించాడు. ఆ వాసన జెబ్బే ముక్కుకు తగిలి, నడుం పట్టుకున్న చేతులు వదిలేసి నేల మీద కూలబడింది.

"పిచ్చోడు!" అని అరిచింది బైందు. "పిచ్చోడురా! నా తమ్ముడు పిచ్చోడు! ఒళ్ళు తెలీని పిచ్చోడు! వదిలెయ్యండి!"

గుంపులో ఎవడో నవ్వాడు. ఆ నవ్వు ఒకడి నుంచి ఒకడికి పాకింది.

"రేడియోలో చెప్పవేం ఆ ముక్క!" అన్నారెవరో వెనకనుంచి.

ఆ నవ్వుల్లో, ఇంటి లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"అక్కా, నువ్వూ అన్నావా?"

బైందు కళ్ళు మూసుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఇంతకాలం ఆ సామెత మామకే తగులుతుందనుకుంది.

పెట్రోలు వాడు అగ్గిపెట్టె తీశాడు.

"ఆ పుల్ల గీశావంటే చేతులు విరిచేస్తా." వందీ బైందును పక్కకు నెట్టి గడప దాటాడు. తడిసిన గుమ్మం మీద కాలు పెట్టి నిలబడ్డాడు. "మోరీ, కెమో నీకేమవుతాడు?"

"నీకు తెలీదా? మా అక్క కొడుకు."

"అన్సుమానా నాకు చెల్లెలి కొడుకు. నువ్వూ మేనమామవే, నేనూ మేనమామనే. అయితే విను. వాణ్ణి కొట్టింది వీడి చెయ్యి. కొట్టించింది నా నోరు. ఈ పిల్ల రేడియోలో ఏమైనా చెప్పనీ. వీడి తలకి నెమ్మది లేకుండా పోవాలని నేనన్నాను. సంతలో మీలో సగం మంది ఉన్నారు. విన్నారా లేదా?"

ఎవరూ లేదనలేదు. చెయిన్లు పట్టుకున్న చేతులు కాస్త కిందికి దిగాయి. ఆ ముంగిట్లో మేనమామ లేనివాడు లేడు, మేనమామ నోటికి భయపడనివాడూ లేడు. పెళ్ళికైనా, ప్రయాణానికైనా, కొత్త బండి కొన్నా ఆ నోటి దీవెనతోనే మొదలు.

"కొడితే నన్ను కొట్టండి," అన్నాడు వందీ. "వాడు ఉత్త కర్ర. విసిరింది నేను."

మోరీ ఒక అడుగు ముందుకొచ్చాడు. 

"పెట్టినవాడివి తియ్యొచ్చు కదా, ఇన్నాళ్ళు? పొద్దున తీసుంటే నా పిల్లాడు నడిచి ఇంటికొచ్చేవాడు కదా?"

"తియ్యొచ్చు. తియ్యలేదు." అన్నాడు వందీ. "మేనకోడలితో పంతం పట్టాను. అది నాతో పట్టింది. ఇద్దరం కలిసి నీ పిల్లాడి తల మీద పడ్డాం."

"అయితే ఇప్పుడు తియ్యి. మా అందరి ముందూ తియ్యి. ఆ తర్వాత వాణ్ణి ఆసుపత్రికే తీసుకెళ్తావో, పోలీసులకే ఇస్తావో నీ ఇష్టం. కెమో బతికితే అడ్డం రాము."

బతకకపోతే ఏమిటన్నది అతను అనలేదు. బైందు అడగలేదు.

వందీ మెడలోంచి తాళంచెవి తీసి మేనకోడలి చేతిలో పెట్టాడు. "వెళ్ళు. తీసుకురా. నీళ్ళు కూడా నువ్వే తే."

*

గొలుసు ఊడదీస్తుంటే అన్సుమానా మొహం పక్కకు తిప్పుకున్నాడు. రోకలి దెబ్బ తిన్న చెయ్యి వాచి వేలాడుతోంది.

"మామ నీళ్ళు కొడతాడురా. లే."

"పిచ్చోడికి ఎందుకక్కా నీళ్ళు?"

బైందు వాడి ముందు కూర్చుని హెల్మెట్ పట్టీ విప్పింది. లోపల జుట్టు చెమటకు తడిసి ముద్దయింది. ఆ తల మీద చెయ్యి పెట్టి, "నా నోరు కాలిపోనీరా," అంది. "ఆ మాటకి నా నోరు కాలిపోనీ. లే నాన్నా, నిన్ను చంపేస్తారనే భయంలో అన్నాను."

వాడు లేచాడు. "నీళ్ళు పడ్డాక షేకుకి చెయ్యిస్తా. ఒట్టు," అన్నాడు.

షేకు మెడ పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. మూల నుంచి సూది ఏరుకుని, కొత్త దానికి మందెక్కించి సిద్ధంగా పెట్టుకున్నాడు. గొంతు పోయింది, తల మాత్రం ఊపాడు. పొద్దున్నుంచీ తనను కొట్టినవాడి కోసం అతను అక్కడే ఉన్నాడు. పారిపోవాలని ఒక్కసారైనా అనుకోలేదేమో, అడిగితే మాత్రం అనుకున్నాననే చెబుతాడు.

బైందు కడవలోంచి సొరకాయ బుర్ర నిండా నీళ్ళు ముంచింది. హడావిడిలో సగం ఒలికాయి. మళ్ళీ ముంచింది. ఇలాంటి నీళ్ళు పట్టుకున్న తన పనివాణ్ణి ఒకణ్ణి కిందటేడు ఉద్యోగం లోంచి తీసేసింది.

అన్సుమానా గడప దాటగానే గుంపు కదిలింది. మోరీ చెయ్యెత్తాడు. ఆగారు.

వాడు మామ ముందు బోర్లా పడి రెండు పాదాలూ పట్టుకున్నాడు. నుదురు ఆ పాదాల మీద ఆనించాడు.

"తప్పయింది మామా. నిన్ను కొట్టిన చెయ్యి ఇదే."

"తెలుసురా."

"కెమోని కొట్టింది కూడా ఇదే."

"ఊఁ."

"తీసెయ్యి మామా. తల నిండా నువ్వే ఉన్నావు. నిద్ర పోనివ్వట్లేదు."

 అడవి దుంగలు కోసే మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేయ్, నేనూ నిద్రపోలేదురా," అన్నాడు. బుర్ర కోసం చెయ్యి చాపాడు.

బైందు అందించింది. వాళ్ళిద్దరి చేతులూ ఆ బుర్ర మీద కలిశాయి.

"నమ్మి ఇస్తున్నావా?" అన్నాడు వందీ.

"ఇస్తున్నాను మావయ్యా. తీసుకో."

ఆయన నోటి నిండా నీళ్ళు పట్టాడు. బుగ్గలు ఉబ్బాయి. మేనల్లుడి తల మీదికి వంగాడు.

మోరీ జేబులో ఫోన్ మోగింది.

అతను చెవికి పెట్టుకున్నాడు. "అక్కా," అన్నాడు.  ఫోన్లోంచి ఆడమనిషి ఏడుపు ముంగిట్లో అందరికీ వినపడింది. ఫోన్ బురదలో పడింది.

"పోయాడు," అన్నాడు మోరీ. "కెమో పోయాడు."

కాళ్ళ దగ్గర ఇటుక ముక్క ఉంది. అతను దాన్ని తీసుకోవడం బైందు చూసింది. అరిచేలోపే విసిరేశాడు. బోర్లా పడున్న ఆ తలకే విసిరాడు. కానీ ఆ తలకు పైన వందీ వంగి ఉన్నాడు.

ఇటుక వెళ్ళి వందీ నోటి మీద తగిలింది.

పళ్ళు విరిగిన చప్పుడైంది. ఆయన పడిపోలేదు. రెండు అరచేతులూ నోటికి అదిమిపెట్టుకుని అలాగే నిలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారుతోంది. బుగ్గలు మాత్రం ఇంకా ఉబ్బే ఉన్నాయి. నీళ్ళు వదల్లేదు.

గుంపు ఒక్క అడుగు వెనక్కి వేసింది. మేనమామ నోటి మీద రాయి పడటం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. మోరీ తన చెయ్యి కేసి చూసుకున్నాడు.

"అన్నయ్యా!" జెబ్బే గడప మీద నుంచి పాక్కుంటూ వచ్చింది. "వద్దు! ఆ నీళ్ళు వద్దు, ఊసెయ్యి! నెత్తురు కలిసింది అన్నయ్యా! నీళ్ళు తేటగా ఉండాలి, నెత్తురు కలిస్తే..."

"కలిస్తే ఏమవుతుందమ్మా?" అంది బైందు.

"నాకు తెలీదే! శాపం పోతుందో, ఇంకా బిగుసుకుంటుందో నాకేం తెలుసు? తెలిసినవాడు ఆయనొక్కడే!"

ఆయన చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే నీళ్ళు పోతాయి. పగిలిన ఆ నోటితో మళ్ళీ పట్టడం ఇవాళ కాదు, ఎన్నాళ్ళకో.

అన్సుమానా తల ఎత్తలేదు. మామ పాదాలు పట్టుకునే ఉన్నాడు. ఏం జరిగిందో వాడు చూడలేదు. వాడి మెడ మీద ఒక చుక్క పడింది. వెనకే ఇంకొకటి.

"తడి తగిలింది," అన్నాడు వాడు, నేలకేసి చూస్తూనే. "అయిందా మామా?"

వందీ నోటి మీద చేతులు తియ్యకుండా మేనకోడలి వైపు చూశాడు. షేకు సూది పట్టుకుని ఆమె పక్కకు వచ్చి మోచేత్తో పొడిచాడు, చెప్పెయ్యి అన్నట్టు.

"అయిందా అక్కా?"

ఒక్క మాట. అయిందిరా అంటే చాలు. వాడు లేస్తాడు, చెయ్యి చాపుతాడు, సూది పడుతుంది. ఆ నీళ్ళలో ఏమీ లేదని ఊరూరా చెప్పి తిరిగిన మనిషికి ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది?

మోరీ రెండో ఇటుక కోసం వంగాడు.

పడింది నెత్తురే, నీళ్ళు కావని తెలిసిన బైందుకు నోరు పెగల్లేదు.